శరత్తు తొలివారాల్లో పల్లెకు వెళ్ళేవారికి: రుతువునూ ఊరి వేడుకలనూ ఆస్వాదించే పద్ధతి

శరదృతువు తొలివారాల్లో పల్లెప్రాంతాలు రెండు విధాలుగా కదులుతుంటాయి. వేసవి వెనక్కు తగ్గుతున్నకొద్దీ వెలుతురు, గాలి, చెట్లు, పక్షులు రోజురోజుకూ మారిపోతుంటాయి. అదే సమయంలో పొలాల్లో కోతలు, నూర్పిళ్ళు, నిల్వల పనులు ఊపిరి సలపనివ్వకుండా సాగుతుంటాయి. ఆ పనుల మధ్య దొరికిన ఖాళీలోనే ఊరివాళ్ళు తమ సంతలను, పంటల ప్రదర్శనలను, పోటీలను, సామూహిక భోజనాలను ఏర్పాటు చేసుకుంటారు. బయటినుంచి వచ్చినవారికీ, పల్లెలో కొత్తగా స్థిరపడినవారికీ ఈ రెండూ సరిగా అందకపోవడానికి తరచుగా కనిపించే కారణం ఒక్కటే. వారు ముందుగా కార్యక్రమాల జాబితా ఒకటి తయారుచేసుకొని, వారాంతమంతా దాని వెంట పరుగెత్తుతారు. అందుకు బదులు రోజును వెలుతురునుబట్టి అమర్చుకొని, కార్యక్రమాలను ఊరి పనినిబట్టి ఎంచుకొని, ఎంచుకున్న ఒకటి రెండింటిలో మొదటినుంచి చివరిదాకా ఉండి, వీలైతే ఒక చెయ్యి వేయడం మేలు. ఇది ఎలా చేయాలో వివరంగా చూద్దాం.

ఏ వారాలు ఎంచుకోవాలి

వాతావరణ శాస్త్రజ్ఞులు ఉత్తరార్ధగోళంలో శరత్తును సెప్టెంబరు 1 నుంచి లెక్కిస్తారు. ఖగోళ గణన ప్రకారం అది సెప్టెంబరు 22 లేదా 23న వచ్చే విషువత్తుతో, అంటే పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే రోజుతో, మొదలవుతుంది. దక్షిణార్ధగోళంలో ఇవే తేదీలు మార్చి 1కి, మార్చి 20 లేదా 21కి మారతాయి. ఈ రెండు లెక్కల మధ్యనున్న మూడు వారాలనూ, విషువత్తు తరువాతి రెండు వారాలనూ కలిపి తొలి శరత్తు అనుకుంటే సరిపోతుంది. పగటి నిడివి సంవత్సరం మొత్తంలో అత్యంత వేగంగా తగ్గేది విషువత్తు చుట్టూ ఉన్న రోజుల్లోనే. భూమధ్యరేఖకు దగ్గరలో ఈ తేడా దాదాపు తెలియదు గాని, 40 డిగ్రీల అక్షాంశం దగ్గర వారానికి సుమారు 19 నిమిషాలు, 50 డిగ్రీల దగ్గర సుమారు 25 నిమిషాల పగలు తరిగిపోతుంది. అంటే కిందటి వారం చివరి వెలుతురులో నడిచి వచ్చిన దారి ఈ వారం అదే సమయానికి చీకటిగా ఉంటుంది. ప్రయాణం ఖరారు చేసుకునేటప్పుడు ఉష్ణోగ్రతను చూసినంత శ్రద్ధగా సూర్యాస్తమయ సమయాన్ని కూడా చూడాలి; చాలామంది ఆ రెండో పని చేయరు.

ఆకుల రంగులకోసమే వెళ్ళేవారు కొంచెం ఆగాలి. తొలి శరత్తులో అడవి అంతా ఎర్రబడదు. అక్కడొక కొమ్మ, ఇక్కడొక చెట్టు మాత్రమే రంగు మారుతుంది. పగలు తగ్గి రాత్రులు చల్లబడేకొద్దీ చెట్టు ఆకుల్లోని పత్రహరితాన్ని తిరిగి తయారుచేయడం మానుకుంటుంది. పత్రహరితం విరిగిపోగానే, అంతవరకూ దాని కింద మరుగునపడి ఉన్న కెరోటినాయిడ్ల పసుపు, నారింజ రంగులు బయటపడతాయి. ఎరుపు సంగతి వేరు. దానికి కారణమైన ఆంథోసయనిన్లను చాలా చెట్లు అప్పటికప్పుడు కొత్తగా తయారుచేసుకుంటాయి. పగళ్ళు ఎండగా ఉండి, రాత్రులు గడ్డకట్టనంత చల్లగా ఉన్నప్పుడు ఆ ఎరుపు బాగా పండుతుంది. రోజుల తరబడి మబ్బు పట్టి ఉంటే పాలిపోతుంది. ఎత్తైన ప్రదేశాల్లోనూ, ధ్రువాలకు దగ్గరగా ఉన్న ప్రాంతాల్లోనూ ఈ మార్పు ముందుగా వస్తుంది. వేళ్ళకు నీరు నిలిచినవీ, ఎండకు బెట్టపడినవీ కూడా తోటి చెట్లకన్నా ముందే రంగు మారతాయి. కాబట్టి తొలివారాల్లో రంగులు చూడాలనుకుంటే లోయలో కాక గుట్టమీద, చిత్తడి నేల అంచున వెదకాలి. ఒకే చెట్టులో ఎండ తగిలే వైపు ఆకు, నీడపాటు ఆకు పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపిస్తే, పై వివరణ అంతా వారికి ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

వెన్నెల కావాలా, నక్షత్రాలు కావాలా అన్నది కూడా ముందుగానే తేల్చుకోవాలి, ఎందుకంటే రెండూ ఒకే వారంలో దొరకవు. శరద్విషువత్తుకు అతి దగ్గరగా వచ్చే పున్నమికి ఉత్తరార్ధగోళంలో ఒక ప్రత్యేకత ఉంది. మామూలుగా చంద్రోదయం రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ పున్నమి రోజుల్లో మాత్రం సాయంకాలం వేళ చంద్రుని మార్గం తూర్పు దిక్చక్రంతో చాలా తక్కువ కోణం చేస్తుంది కాబట్టి, మధ్య అక్షాంశాల్లో ఆ ఆలస్యం 25, 30 నిమిషాలకు పడిపోతుంది. ఫలితంగా వరుసగా కొన్ని సాయంత్రాలపాటు సూర్యుడు అస్తమించిన కొద్ది సేపటికే నిండు చంద్రుడు లేస్తాడు. విద్యుద్దీపాలు లేని కాలంలో రైతులు కోతలను రాత్రిదాకా కొనసాగించడానికి ఆ వెలుతురు ఉపయోగపడింది కాబట్టే దానికి కోతల పున్నమి అన్న పేరు వచ్చింది. 2026లో అది సెప్టెంబరు 26న వస్తుంది. నక్షత్రాలు చూడదలచినవారు అదే సంవత్సరం సెప్టెంబరు 11, అక్టోబరు 10 తేదీల అమావాస్యల చుట్టుపక్కల వారాలను ఎంచుకోవాలి.

రోజును అమర్చుకోవడం

పల్లెలో శరత్కాలపు ఉదయాన్ని నిద్రకు వదిలేసినవారు ఆ రోజులో సగం వదులుకున్నట్టే. రాత్రి ఆకాశం నిర్మలంగా, గాలి నిశ్చలంగా ఉంటే నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. దానిపైనున్న తేమగాలి చల్లబడి, బరువెక్కి, పల్లానికి జారి, లోయల్లో పొగమంచుగా నిలుస్తుంది. అది సాధారణంగా సూర్యోదయం తరువాత కొన్ని గంటల్లో విడిపోతుంది కాబట్టి, దాన్ని చూడాలంటే సూర్యోదయానికి కొంచెం ముందే ఏదైనా ఎత్తైన చోటికి చేరుకోవాలి. ముందురోజు సాయంత్రం మబ్బులు లేకుండా, గాలి పడిపోయి, నేల తడిగా ఉన్నదంటే మరునాడు పొగమంచుకు అవకాశం ఎక్కువ. మబ్బు కమ్మిన రాత్రి తరువాత అలారం పెట్టుకొని లేవడం వృథా ప్రయాస. ఎత్తు ఎక్కే ఓపిక లేనివారు కంచెలను, పొదలను చూస్తూ నడిస్తే చాలు. వేసవి అంతా పెరిగి పెద్దవైన సాలెపురుగులు ఈ రోజుల్లో పెద్ద గూళ్ళు అల్లుతాయి. మామూలుగా కంటికి ఆనని ఆ దారాలను మంచుబిందువులు పట్టి చూపిస్తాయి. ఎండ ఎక్కాక అవే గూళ్ళు ఉన్నచోటే ఉన్నా కనిపించవు.

పక్షులకు కూడా ఉదయమే మంచి సమయం. ఉత్తరార్ధగోళంలో వానకోయిలలు వలసకు ముందు తీగలమీద బారులు తీరి కూర్చుంటాయి. ఒక రోజు వందల్లో కనిపించినవి మరునాటికి ఒక్కటీ లేకపోవచ్చు. వలసపోయే చిన్న పక్షుల్లో చాలా భాగం రాత్రివేళ ఎగురుతాయి కాబట్టి, తెల్లవారేసరికి అలసి ఆకలితో పొదల్లో దిగి ఉంటాయి. డేగలవంటి పెద్ద పక్షులు ఇందుకు భిన్నం. అవి నేల వేడెక్కి పైకిలేచే గాలులను ఆధారం చేసుకొని రెక్క కదపకుండా ఎగురుతాయి, అందువల్ల వాటికోసం ఎండ కాస్త ముదిరేదాకా ఆగి, గుట్టల వరుసవైపు చూడాలి. బైనాక్యులర్ ఉంటే మంచిదే గాని, అది లేదని మానుకోవలసిన పని లేదు.

పొద్దెక్కి మంచు ఆరాక పొలాలు మేల్కొంటాయి. పరిచయం లేనివారికి ఆశ్చర్యం కలిగించే విషయమేమంటే, కోత యంత్రాలు తెల్లవారుజామున కదలవు. ధాన్యం తడిగా ఉంటే నూర్పిడి సరిగా జరగదు, నిల్వలో బూజు పడుతుంది; గోధుమ వంటి ధాన్యాన్ని నిల్వచేయాలంటే తేమ సుమారు 14 శాతానికి మించకూడదు. అందువల్ల మంచు ఆరేదాకా ఆగి, ఆ తరువాత మళ్ళీ మంచు దిగేదాకా, వాన సూచన ఉంటే అర్ధరాత్రి దాటేదాకా కూడా పని చేస్తారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఊరి వ్యవహారం చాలావరకు బోధపడుతుంది. ఎండ కాసిన మధ్యాహ్నం ఒక రైతును ఆపి కబుర్లు చెప్పబోవడం ఆయన పనికి అడ్డం పడటమే. సన్నటి జల్లు పడుతున్న ఉదయం అదే మనిషి తీరికగా నిలబడి, అడగని సంగతులు కూడా చెబుతాడు. వాన పడిన రోజును పాడైపోయిన రోజుగా లెక్కించడం పట్నవాసపు అలవాటు. మనుషులను కలుసుకోవడానికి పల్లెలో అంతకంటె మంచి రోజు ఉండదు.

సాయంత్రం చీకటి పడే వేళ కీచురాళ్ళ చప్పుడును లెక్కపెట్టడం పిల్లలకు మంచి కాలక్షేపం. కీచురాళ్ళు శీతరక్త జీవులు కాబట్టి గాలి చల్లబడేకొద్దీ వాటి కూత వేగం తగ్గుతుంది. అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు అమోస్ డోల్బేర్ 1897లో ఈ సంబంధాన్ని ఒక సూత్రంగా ప్రకటించాడు. ఒక కీచురాయి ఎనిమిది సెకన్లలో ఎన్నిసార్లు కూసిందో లెక్కించి దానికి 5 కలిపితే, ఉష్ణోగ్రత సుమారుగా సెల్సియస్ డిగ్రీల్లో వస్తుంది. అన్ని జాతులకూ ఇది ఒకే విధంగా వర్తించదు, పైగా పదిమంది కీచురాళ్ళు ఒకేసారి గోల చేస్తుంటే లెక్క కుదరదు. అయినా థర్మామీటరు పక్కన పెట్టుకొని పందెం వేసుకుంటే ఆట రక్తి కడుతుంది.

నక్షత్రాలకోసం బయటికి వచ్చినవారు మొదటి 20, 30 నిమిషాలు ఏ దీపమూ చూడకుండా ఉండాలి. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అంత సమయం కావాలి, ఒక్కసారి ఫోను తెర చూసినా ఆ అలవాటు చెడుతుంది. దారికి వెలుతురు తప్పనిసరైతే టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోవచ్చు. ఉత్తర మధ్య అక్షాంశాల్లో ఈ రోజుల్లో చీకటి పడగానే నడినెత్తిన అభిజిత్తు, హంసరాశిలోని డెనెబ్, వాటికి దక్షిణంగా శ్రవణ నక్షత్రం కలిసి పెద్ద త్రిభుజంగా కనిపిస్తాయి. తూర్పున పూర్వాభాద్ర, ఉత్తరాభాద్రల నాలుగు నక్షత్రాలు చతురస్రంగా లేస్తాయి. ఆ చతురస్రపు ఈశాన్య మూలనుంచి పక్కకు సాగే నక్షత్రాల వరుస వెంట చూపు నడిపిస్తే, ఆ వరుసకు కాస్త పైగా మసకబారిన మచ్చ ఒకటి కనిపిస్తుంది. అదే దేవయాని గెలాక్సీ. మనకు సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉండి కూడా, ఏ పరికరమూ లేకుండా కంటికి కనిపిస్తుంది. పట్టణపు దీపాల కింద దాన్ని చూడటం దాదాపు అసాధ్యం కాబట్టి, పల్లెలో గడిపే రాత్రిని దీనికి కేటాయించడం న్యాయం.

ఊరి కార్యక్రమాలను కనిపెట్టడం, ఎంచుకోవడం

పల్లెప్రాంతాల్లో కార్యక్రమాల సమాచారం ఒక్కచోట దొరకదు. ఇంటర్నెట్‌లో కనిపించేవి సాధారణంగా పెద్దవి, బయటివారికోసం ఉద్దేశించినవి. ఊరివాళ్ళు తమకోసం జరుపుకునేవాటి ప్రకటనలు గ్రంథాలయం తలుపుమీద, తపాలా కార్యాలయంలో, పాఠశాల గేటు దగ్గర, బస్సు ఆగేచోట కాగితాలుగా అంటించి ఉంటాయి. చేరిన మొదటి రోజున ఈ నాలుగు చోట్లకూ నడుచుకుంటూ వెళ్ళి, తేదీ, స్థలం, సంప్రదించవలసిన నంబరు ఉన్న ప్రకటనలను ఫొటో తీసుకోవాలి. కిందటి వారపు కాగితాలు కూడా పనికొస్తాయి, ఎందుకంటే ఎవరు ఏమి నిర్వహిస్తారో వాటివల్ల తెలుస్తుంది. అన్నిటికంటె ఎక్కువ తెలిసినది గ్రంథాలయ ఉద్యోగికి. ఆయననో ఆమెనో ఏవి బాగుంటాయని అడగకుండా, మీరు స్వయంగా దేనికి వెళ్తున్నారని అడిగితే సరైన సమాధానం వస్తుంది.

ఎంచుకునేటప్పుడు ఒక కొలబద్ద పెట్టుకోవచ్చు. ఆ కార్యక్రమం బయటివాళ్ళు ఒక్కరూ రాకపోయినా జరుగుతుందా? జరుగుతుందంటే అది చూడదగినది. పశువుల పోటీ, తోటల్లో పండినవాటి ప్రదర్శన, విత్తనాల మార్పిడి, దుక్కి దున్నే పందెం, స్వచ్ఛంద అగ్నిమాపక దళంకోసమో పాఠశాలకోసమో జరిపే నిధుల సేకరణ, పుస్తకాల అమ్మకం, వాగు ఒడ్డు శుభ్రపరిచే శ్రమదానం ఈ కోవలోకి వస్తాయి. ప్రవేశ రుసుము పెద్దదిగా ఉండి, ఒక్కొక్క ఆటకూ మళ్ళీ టికెట్టు ఉండి, లోపల ఊరి మనిషి పనివాడిగా తప్ప కనిపించనిచోటికి చిన్నపిల్లలు మారాం చేస్తే తప్ప వెళ్ళనక్కరలేదు. ఇది నా అభిప్రాయం. అటువంటి చోట్ల కూడా పిల్లలకు సంతోషం దొరుకుతుందని ఒప్పుకోవాలి.

ప్రపంచమంతటా ఒకే కాలంలో జరుగుతూ, చిన్న ఊళ్ళలో కూడా శాఖలు వేసిన కార్యక్రమాలు కొన్ని ఉన్నాయి. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఆధ్వర్యంలో 2010 నుంచి ఏటా సెప్టెంబరులోనో అక్టోబరులోనో అంతర్జాతీయ చంద్ర వీక్షణ రాత్రి జరుగుతుంది. ఎవరైనా తమ ఊళ్ళో టెలిస్కోపు పెట్టి నలుగురినీ పిలవవచ్చు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర ప్రయోగశాల నడిపే, చూసిన పక్షులను ఎవరైనా నమోదు చేయగల ఈబర్డ్ అనే ఇంటర్నెట్ వేదిక అక్టోబరులో ఒక రోజును అక్టోబర్ బిగ్ డేగా ప్రకటిస్తుంది. ఆ రోజు చూసిన పక్షులను లెక్కించి నమోదు చేయడమే అందులో పాల్గొనడం. యూరప్ దేశాల్లో ప్రధానంగా సెప్టెంబరులో జరిగే వారసత్వ దినాలలో, మామూలుగా మూసి ఉండే పాత మిల్లులు, గంటస్తంభాలు, భవనాలు ప్రజలకు తెరుస్తారు. ఊళ్ళో ఏ కార్యక్రమమూ దొరకనివారికి ఇవి మంచి ఆధారాలు.

ఒక రోజులో ఒక్క కార్యక్రమం చాలు. పల్లెల్లో రెండు ఊళ్ళ మధ్య దూరం పటంమీద తక్కువగా కనిపించినా, సన్నటి దారుల్లో, పొలం యంత్రాల వెనకాల, ఆ ప్రయాణానికి అనుకున్నదానికంటె చాలా ఎక్కువ సేపు పడుతుంది. రెండు చోట్లకూ వెళ్ళాలనుకున్నవారు మొదటిదాన్ని మధ్యలో వదిలి, రెండోదానికి చివర్లో చేరి, దేన్నీ చూడకుండా తిరిగివస్తారు.

వెళ్ళాక ఎలా మెలగాలి

ప్రారంభ సమయానికి కొంచెం ముందుగా చేరుకోవడం అన్ని విధాలా మంచిది. వాహనాలను ఏదైనా మైదానంలోనో కోసిన పొలంలోనో నిలపమంటారు. నేల తడిగా ఉంటే చక్రాలు దిగబడతాయి కాబట్టి, గేటుకు దగ్గరగా, మెరకగా ఉన్నచోట, బయటికి వచ్చే దిశకు ముఖం పెట్టి నిలపాలి. ఫోను సంకేతాలు అందకపోవచ్చునని ముందే ఊహించి పటాన్ని, చిరునామాను, నిర్వాహకుల నంబరును డౌన్‌లోడ్ చేసుకోవాలి లేదా కాగితంమీద రాసుకోవాలి. కార్డులు పనిచేయని దుకాణాలు ఇప్పటికీ ఉంటాయి, అందువల్ల చిల్లర డబ్బు దగ్గర పెట్టుకోవాలి. బస్సుమీద ఆధారపడినవారు వెళ్ళే బస్సుకంటె ముందు తిరుగు బస్సు సమయం తెలుసుకోవాలి. సెలవు రోజుల్లో చివరి బస్సు సాయంత్రమే వెళ్ళిపోవచ్చు.

ప్రదర్శనలో ఏమి చూడాలో తెలియక తికమకపడేవారు తీర్పరుల వెనక నిలబడాలి. పంటల పోటీలో గెలిచేది ఎప్పుడూ అన్నిటికంటె పెద్దది కాదు. ఒక పళ్ళెంలో పెట్టినవన్నీ ఒకే పరిమాణంలో, ఒకే రంగులో, మచ్చ లేకుండా ఉన్నాయా అన్నదానికే చాలాచోట్ల మార్కులు ఎక్కువ. పశువుల పోటీలో కాళ్ళ నిలకడ, నడక, వెన్ను తీరు చూస్తారు. తీర్పు చెప్పిన తరువాత ఓడినవాళ్ళ దగ్గర నిలబడి వినడం ఒక విద్య. ఎక్కడ తేడా వచ్చిందో, ఈ ఏడు వాన ఎప్పుడు దెబ్బతీసిందో, విత్తనం ఎక్కడినుంచి తెచ్చారో వాళ్ళు చెప్పినంత విపులంగా గెలిచినవాళ్ళు చెప్పరు. ప్రశ్న అడిగేటప్పుడు పొలం ఎన్ని ఎకరాలు, పశువులు ఎన్ని అని మొదలుపెట్టకూడదు. ఒకరి ఆస్తి లెక్క అడిగినట్టవుతుంది. ఈ ఏడు కాలం ఎలా ఉన్నదని అడిగితే మాట దానంతట అదే సాగుతుంది.

జంతువులను ముట్టుకునేముందు యజమానిని అడగాలి, వెనకవైపునుంచి దగ్గరికి వెళ్ళకూడదు. ముట్టుకున్న తరువాత, ముఖ్యంగా పిల్లలు, ఏమీ తినకముందే సబ్బుతో నీళ్ళతో చేతులు కడుక్కోవాలి. పశువుల పేడలో ఉండగల ఈ.కోలి వంటి సూక్ష్మజీవుల విషయంలో శానిటైజరు సబ్బునీళ్ళకు సాటి రాదు. ఫొటోలు తీసుకోవడానికి, ప్రత్యేకించి పిల్లలవి, అనుమతి అడగాలి. పొలాల గుండా నడిచేటప్పుడు గేటు ఎలా ఉన్నదో అలాగే వదలాలి: మూసి ఉంటే మూయాలి, తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి, ఎందుకంటే పశువులు నీళ్ళకు వెళ్ళే దారి అదే కావచ్చు. చుట్టలుగా కట్టిన గడ్డిమీదికి పిల్లలను ఎక్కించి ఫొటోలు తీయడం ఇప్పుడు పరిపాటి అయింది గాని, ఒక్కొక్క చుట్ట కొన్ని వందల కిలోల బరువుండి, కదిలితే ఆపడం ఎవరి తరమూ కాదు. నిర్వాహకులు ఆ పనికే అమర్చి ఉంచినవి తప్ప తక్కినవాటి జోలికి పోకూడదు.

అన్నిటికంటె ఎక్కువ ఫలితమిచ్చే సలహా పనిలో కలవడం. చిన్న ఊళ్ళలో కార్యక్రమం నడిపేది సాధారణంగా ఆరేడుగురే, వాళ్ళే ప్రతి ఏడూ. వారం ముందుగా ఫోను చేసి, ఉదయం బల్లలు వేయడానికో, వాహనాలకు దారి చూపడానికో, సాయంత్రం కుర్చీలు సర్దడానికో ఒక గంట రాగలనని చెబితే కాదనేవారు అరుదు. పని చిన్నదిగా, సమయం స్పష్టంగా ఉండాలి. అన్నిటికీ సిద్ధమే అన్నవాళ్ళకు ఏ పని అప్పగించాలో నిర్వాహకులకు తోచదు. సర్దేవేళ ఇంకా మంచిది. అప్పటికి ప్రసంగాలు ముగిసి, బహుమతులు పంచడం అయిపోయి, నిర్వాహకులు ఊపిరి తీసుకుంటూ ఉంటారు. బల్ల ఒక కొసన మీరు, మరో కొసన వాళ్ళు పట్టుకొని మోస్తున్నప్పుడు జరిగే పరిచయం వేదిక ముందు కూర్చున్నవారికి దొరకదు. అయితే మొదటి ఏడే సలహాలు ఇవ్వకూడదు. పట్నంలో ఇలా చేస్తాం అన్న వాక్యాన్ని రెండో ఏటికి వాయిదా వేయడం క్షేమం.

దుస్తులు, జాగ్రత్తలు

తొలి శరత్తులో ఉదయానికీ మధ్యాహ్నానికీ మధ్య ఉష్ణోగ్రత తేడా పదిహేను డిగ్రీలదాకా ఉండవచ్చు కాబట్టి, ఒకే మందపాటి కోటుకు బదులు పొరలుగా వేసుకొని విప్పుకునే దుస్తులు కావాలి. తడిసిన నూలుబట్ట త్వరగా ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. ఒంటికి ఆనే పొర ఉన్నిదో, త్వరగా ఆరే బట్టదో అయితే మంచిది. ఉదయపు గడ్డి మోకాళ్ళదాకా తడుపుతుంది, అందువల్ల నీరు చొరని బూట్లు, ఒక జత అదనపు మేజోళ్ళు తప్పనిసరి.

ఈ కాలంలో కందిరీగలు మనుషులను విసిగించడానికి కారణం ఉంది. వేసవిలో అవి గూటిలోని పిల్లపురుగులకు ఆహారం తెచ్చిపెట్టి, వాటినుంచి ఒక తీపి స్రావాన్ని పొందుతాయి. శరత్తు వచ్చేసరికి పిల్లపురుగులు తగ్గిపోయి, ఆ తీపికోసం అవి మన పానీయాలమీదికి వస్తాయి. మూత లేని డబ్బాలోంచి తాగకపోవడం, చేతులు విసరకుండా మెల్లగా పక్కకు జరగడం చాలు. పొడవైన గడ్డిలో, అడవి అంచుల్లో నడిచివచ్చినవారు పిడుదులకోసం మోకాళ్ళ వెనక, చంకల్లో, నడుము దగ్గర, పిల్లలకైతే తలలో కూడా చూసుకోవాలి. పట్టుకున్నదాన్ని సన్నటి పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగాలి. నూనె పోయడం, నిప్పు అంటించడం వంటివి చేయకూడదు. ఆ తరువాతి వారాల్లో జ్వరమో దద్దురో కనిపిస్తే వైద్యుడికి ఈ సంగతి చెప్పాలి.

అడవి పుట్టగొడుగులను చూసి ఆనందించవచ్చు గాని, నిపుణుడు చేత్తో పట్టి చూసి చెప్పనిదే తినకూడదు. ప్రాణం తీసే డెత్ క్యాప్ అనే జాతి విషం వండినా పోదు. దాన్ని తిన్నాక చాలా గంటలవరకు ఏమీ తెలియదు, తెలిసేసరికి కాలేయం దెబ్బతిని ఉంటుంది. ఫోను యాప్ చెప్పిన పేరును ఈ విషయంలో నమ్మకూడదు.

వాహనం నడిపేవారు మలుపు అవతల నెమ్మదిగా కదిలే వెడల్పాటి యంత్రం ఉంటుందన్న ఊహతోనే నడపాలి. సంధ్యవేళల్లో జింకలు దారి దాటే ప్రాంతాలైతే ఒకటి దాటగానే వేగం పెంచకూడదు, దాని వెనక మరొకటి ఉండే అవకాశం ఎక్కువ.

వాన పడితే, రద్దయితే

కోతల కాలంలో ఊరి కార్యక్రమం తేదీకి వాతావరణమే యజమాని. వారమంతా వానలు పడి, సరిగ్గా కార్యక్రమం రోజున ఎండ కాస్తే, సగం ఊరు పొలంలోనే ఉండిపోతుంది. పోటీలు ఆలస్యమవుతాయి, కొన్ని ఆగిపోతాయి. బయలుదేరే ఉదయం నిర్వాహకులకు ఒక్కసారి ఫోను చేసి, వాన పడితే ఎక్కడ జరుపుతారో, వాయిదా అయితే ఏ రోజుకో అడిగి ఉంచాలి. రద్దయిన రోజుకు ప్రత్యామ్నాయంగా గ్రంథాలయాన్నో, ఊరి మ్యూజియాన్నో ముందే చూసి పెట్టుకోవచ్చు. రద్దయినా నిధుల సేకరణకోసం కొన్న టికెట్టు డబ్బు వెనక్కు అడగకుండా వదిలేస్తే, అది ఏ పనికి ఉద్దేశించారో ఆ పనికే చేరుతుంది.

తిరిగి వచ్చేముందు నిర్వాహకులలో ఒకరికి పేరు, నంబరు ఇచ్చి, వచ్చే ఏడు సన్నాహ సమావేశం ఎప్పుడో కనుక్కోవాలి. అటువంటి సమావేశాలు సాధారణంగా పొలం పనులు ముగిసిన చలికాలంలోనే జరుగుతాయి. వేడుక నాడు ఎదురుపడిన ముఖం ఆ రోజుల్లో మళ్ళీ కనిపించినా, కనీసం ఒక ఫోను వచ్చినా, మరుసటి ఏడు నోటీసు బోర్డుకంటె ముందే తేదీ మీకు తెలుస్తుంది.